మామూలు రోజులు ఎవరు కట్టాలి?

విద్వాన్ విశ్వం స్మారకోపన్యాసం, బుక్కపట్నం

మన బుక్కపట్నం డైట్ శిక్షణ సంస్థ నుంచి వచ్చిన ఛాత్రోపాధ్యాయులారా, మీరంతా వెనకాల గోడ పక్కన నిలబడి ఉన్నారు. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ ఉపన్యాసం చివర్లో నేను ఎక్కువగా మాట్లాడాల్సింది మీతోనే.

విశ్వం గారు 1915లో తరిమెలలో పుట్టారు. జాతీయోద్యమ కాలంలో జైలుకు వెళ్లారు, పత్రికలు నడిపారు, 'మాణిక్యవీణ' శీర్షికతో ఏళ్ల తరబడి పాఠకులతో మాట్లాడారు, సంస్కృత కావ్యాలను తెలుగువాళ్లకు దగ్గర చేశారు. ఇన్ని చేసినా రాయలసీమలో ఆయన పేరు ఎత్తగానే అందరికీ ముందు గుర్తొచ్చేది 'పెన్నేటి పాట'. రంగడు, గంగమ్మ అనే దంపతుల కథ అది. సేద్యం చితికిపోయి రెక్కల కష్టం మీద బతుకు ఈడ్చాల్సి వచ్చిన మనుషుల కథ. కరువు గురించి ఆయనకు ముందూ రాసినవాళ్లున్నారు. విశ్వం గారి ఘనత ఎక్కడుందంటే, కరువును ఒక ఏడాది వచ్చి పోయే ఆపదగా ఆయన చూడలేదు. ఏళ్ల తరబడి ఇంట్లో కాపురం పెట్టిన దుఃఖంగా చూశారు. బుక్కపట్నం చెరువునూ ధర్మవరం చెరువునూ నింపే మన చిత్రావతి చివరికి కలిసేది ఆ పెన్నలోనే. కనుక ఆయన స్మృతిలో జరిగే మాటకు ఈ ఊరు తగిన చోటు. నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి.

1

కరోనా వచ్చిన మొదటి వేసవి నుంచీ మనందరి నోటా ఒకే ప్రశ్న: మళ్లీ అంతా మామూలు అవుతుందా? 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. 25 నుంచి దేశమంతా తాళం పడింది. 2021 వేసవిలో రెండో తాకిడి వచ్చింది, దాని గురించి ఈ హాల్లో కూర్చున్నవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కాగితం మీద లెక్క తేలిపోయింది. బస్సుల్లో నిలబడటానికి చోటు లేదు, పెళ్లిళ్లకు వెయ్యి మంది వస్తున్నారు, జాతరలు జరుగుతున్నాయి. మాస్కులు బీరువా అరల్లో అడుగుకు చేరాయి. కాబట్టి ప్రశ్నకు జవాబు దొరికిందనీ, అంతా మామూలైందనీ చాలామంది అంటున్నారు.

నేను అట్లా అనుకోవడం లేదు. ఈరోజు మీ ముందు పెట్టదలచిన మాట ఒక్కటే. మామూలు రోజులు వానలాగా అందరి ఇళ్ల మీదా ఒకేసారి కురిసేవి కావు. చేతిలో పెట్టుబడి, పొలం, నెల జీతం ఉన్నవాళ్ల ఇంటికి అవి ముందు వస్తాయి. లేనివాళ్ల ఇంటికి ఎవరో పూనుకొని కట్టి ఇస్తే తప్ప రావు. ఎవరూ కట్టకపోతే, ఆ ఇంట్లో కొత్త బతుకు ఒకటి మొదలవుతుంది. మొదటిదానికన్నా ఒక మెట్టు కిందిది. నాలుగేళ్లు గడిచేసరికి దాన్నే మామూలు అనుకుంటాం.

ఇంకో సంగతి కూడా మొదటే చెప్పాలి. 2020 మార్చికి ముందు మనం ఎట్లా బతికాం? సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. శనక్కాయ వేసి పెట్టుబడి కూడా రాక, బేల్దారి పనికీ కాపలా పనికీ బెంగుళూరు బస్సెక్కిన కుటుంబాలు ప్రతి ఊర్లో ఉన్నాయి. ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని వదిలిపెట్టి పోవడం మనకు కొత్త కాదు. ధర్మవరంలో నేతగాళ్ల అప్పులు కరోనా తెచ్చినవి కావు. కనుక తిరిగి వెళ్దాం అన్నప్పుడు ఎక్కడికి వెళ్తున్నామో చూసుకోవాలి. విశ్వం గారి గంగమ్మను అడిగితే పాత రోజులే కావాలని అంటుందా?

2

మన సీమ ఇంతకుముందు పెద్ద ఆపదల నుంచి ఎట్లా తేరుకుందో చూద్దాం. నూట యాభై ఏళ్ల చరిత్ర చాలు.

1876 నుంచి 1878 దాకా ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మనం బళ్లారి జిల్లాలో ఉన్నాం. ఆకలికి కలరా, జ్వరాలు తోడయ్యాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య బళ్లారి జిల్లా జనం సుమారు ఐదో వంతు తగ్గిపోయారు. ప్రతి ఐదుగురిలో ఒకరు! కరువు పనుల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కూడా కాదు, దాని మీద కొద్ది చిల్లర చాలని భారత ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించాడు. అంత తిండితో పని చేసే మనిషి నిలబడడని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ వాదం గెలవడానికి చాలా ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

కరువు పోయింది. వాన పడింది, మడకలు కదిలాయి. 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, తర్వాత కరువు నియమావళి వచ్చింది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. 1893లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దుకు రైలు వచ్చింది. ఈ రోజు మనం సహజం అనుకునేవి, జిల్లా, రైలు, కరువొస్తే ప్రభుత్వం పని చూపించాలన్న ఆలోచన, వీటన్నిటికీ పునాది ఆ తరం చావుల మీద పడింది. కరువుకు ముందు ఉన్న సీమ తిరిగి రాలేదు. వేరే సీమ వచ్చింది.

తర్వాత ప్లేగు. 1896లో బొంబాయిలో మొదలై, రైలు దారి పట్టుకొని 1898 ఆగస్టులో బెంగుళూరు చేరింది. అక్కడి పేటలో ఇరుకు సందుల్లో బతికిన జనం ఊరి బయటికి కదిలారు. మల్లేశ్వరం, బసవనగుడి పేటలు పెరగడం వెనక ఆ భయం ఉంది. మన వైపు, మద్రాసు రాజధానిలో, మైసూరు నుంచి వచ్చే ప్రయాణికులకు ప్లేగు పాస్‌పోర్టులు ఇచ్చి, దిగిన ఊర్లో రోజూ హాజరు వేయించుకోమన్నారు. దక్కను అంతటా ఎలుకలు పడి చస్తున్నాయని తెలిస్తే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. 2020లో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బెంగుళూరు నుంచి వచ్చే బండ్లు ఆగిపోయినప్పుడు, పంచాయతీ బడుల్లో వలస నుంచి వచ్చినవాళ్లను పద్నాలుగు రోజులు పెట్టినప్పుడు, ఇది ఎన్నడూ కనని వింత అన్నారు. మన ముత్తాతలకు అది తెలిసిన సంగతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఒక విషయం గమనించమని అడుగుతున్నాను. ప్లేగు కోసం 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం చేశారు. నాలుగు సెక్షన్ల చిన్న చట్టం. ఇళ్లు సోదా చెయ్యడానికి, మనుషుల్ని ఆపడానికి, మాట విననివాణ్ణి శిక్షించడానికి అది అధికారం ఇస్తుంది. రోగికి మందు ఇవ్వాలని, పని పోయినవాడికి తిండి పెట్టాలని అందులో లేదు. నూట ఇరవై మూడేళ్ల తర్వాత, 2020 మార్చిలో, అదే చట్టం కింద మన రాష్ట్రంలో కరోనా నిబంధనలు వచ్చాయి. అధికారం తన పనిముట్లను ఎన్నేళ్లైనా పాడుకాకుండా దాచుకుంటుంది.

పేదవాడి పనిముట్టు సంగతి వేరు. టెంపుల్ పౌను ధాన్యం నుంచి, పని అడిగే హక్కు దాకా రావడానికి మనకు నూట ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అప్పటి మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అది మనకు గర్వకారణం. అక్కడే మొదలుపెట్టడానికి కారణమైన పేదరికం మాత్రం గర్వపడాల్సింది కాదు. 2020–21లో బెంగుళూరు, ముంబయి నుంచి ఇళ్లకు చేరిన జనానికి చేతికందింది ఆ పథకమే. ఆ ఒక్క ఏడాది దేశంలో 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. మునుపెన్నడూ లేనంత. కేంద్రం లక్షా పదకొండు వేల కోట్ల రూపాయలు ఖర్చు పెట్టింది. 2023–24 బడ్జెట్లో దానికి కేటాయించింది అరవై వేల కోట్లు. ఖజానా మామూలు స్థితికి వచ్చింది. కరోనా రెండేళ్లలో మెడలోది కుదువ పెట్టిన ఆడమనిషి దాన్ని విడిపించుకుందా అన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఖజానా ముందు, మనిషి తర్వాత అనే ఈ వరస తప్పు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

3

ఇప్పుడు మన మూడు నాలుగు ఊర్ల సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా మాట్లాడతాను, ఓపిక పట్టండి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉంది. 2019లో ఉత్పత్తి మొదలైంది, లాక్‌డౌన్లో ఆగింది, 2020 మే నెలలోనే మళ్లీ నడిచింది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. అది నడిస్తేనే మన పిల్లలకు ఉద్యోగం. కాని ఎందుకంత తొందరగా తేరుకుందో ఆలోచించాలి. దాని వెనక సముద్రాలకవతల నుంచి పెట్టుబడి ఉంది, బ్యాంకులున్నాయి, ప్రభుత్వ అనుమతులు ముందుగా వస్తాయి. ఎర్రమంచి నుంచి ధర్మవరం ఎంతో దూరం లేదు. అక్కడి గుంత మగ్గం ఎప్పుడు నడిచింది?

ధర్మవరం నేతగాడికి రేషం, జరీ, వార్పు ఇచ్చేది షావుకారు. షావుకారు దగ్గర కొనేది పట్టణాల్లోని దుకాణం. దుకాణంలో కొనేది పెళ్లివారు. పెళ్లికి ఇరవై మందికి మించి రాకూడదన్న రోజున ఈ గొలుసు చివర నుంచి మొదటికి తెగుతూ వచ్చింది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకపోయినా ఆ దెబ్బంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడి మీద పడింది. నేసిన చీర ఇంట్లో ఉంది, కొనే దిక్కు లేదు. పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాక ముడిపట్టు ధర ఆకాశానికి పోయింది. మగ్గం వదిలి కూరగాయల బండి పట్టుకున్నవాళ్లు, హమాలీ పనికి పోయినవాళ్లు, బెంగుళూరులో కాపలా ఉద్యోగంలో చేరినవాళ్లు ఉన్నారు. వాళ్లలో అందరూ తిరిగి రాలేదు. మగ్గం మీద రెండేళ్లు కూర్చోని కుర్రవాడు మూడో ఏడు నేర్చుకోవడానికి ఇష్టపడడు. పవర్‌లూమ్ చీర తక్కువ ధరకు ఆ ఖాళీని నింపుతుంది. ధర్మవరం చీరకు గిరాకీ వచ్చిందని పేపర్లో చదివి సంతోషిస్తాం, ఆ చీర ఎవరు నేశారన్నది మాత్రం అడగం.

ఈ సంగతి అర్థం కావడానికి పట్టు చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రాన్సు దేశం పట్టుకు పేరు. 1853లో అక్కడ 26,000 టన్నుల పట్టుగూళ్లు పండాయి. అప్పుడే పురుగుకు పెబ్రిన్ అనే అంటురోగం పట్టుకుంది. 1865 నాటికి పంట 4,000 టన్నులకు పడిపోయింది. ప్రభుత్వం లూయీ పాశ్చర్‌ను పంపింది. పట్టుపురుగును అప్పటి దాకా ముట్టుకోని మనిషి ఆయన. దక్షిణ ఫ్రాన్సులోని అలెస్ పట్టణం దగ్గర కొన్నేళ్లు కూర్చొని, గుడ్లు పెట్టిన తల్లి చిమ్మటను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, రోగం ఉన్న గుడ్లను తీసేస్తే వ్యాధి ఆగుతుందని తేల్చాడు. రోగం లొంగింది. ఈనాటికీ మన పట్టు విత్తన కేంద్రాల్లో చేసేది ఆ పరీక్షే. కానీ ఫ్రాన్సు పట్టు సేద్యం? మళ్లీ పాత స్థితికి రాలేదు. ఈలోగా 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది, ఆసియా పట్టు చౌకగా వచ్చి పడింది, మల్బరీ తోటలు తీసేసి ద్రాక్ష వేసుకున్నారు. మందు దొరకడం వేరు, బతుకు దొరకడం వేరు. ధర్మవరంలో ఈ మాట గోడల మీద రాసి పెట్టాలని నాకు అనిపిస్తుంది.

హిందూపురం మాట ఎత్తితే పట్టుగూళ్ల మార్కెట్ గుర్తుకొస్తుంది. ఆ చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే రైతుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉంది. షెడ్డులోకి పరాయి మనిషిని రానివ్వరు. గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు కడిగి లోపలికి పోతారు. ప్రతి పంటకూ ముందు తట్టలు, పురుగు గూడు కట్టే చంద్రికలు, గోడలు శుభ్రం చేసి సున్నం చల్లుతారు. 2020లో టీవీల్లో గంటల తరబడి చెప్పిన శుభ్రత ఆ ఇళ్లలో ఆడవాళ్లకు రోజువారీ పని. ఆ జ్ఞానాన్ని ఊరి ఆరోగ్యానికి వాడుకోవచ్చని ఎవరికీ తట్టలేదు. బయటి నుంచి వచ్చినవాళ్లే మనకు అన్నీ చెప్పాలనుకోవడం మన పాత జబ్బు. ఆ రైతులకు మాత్రం అప్పుడు కష్టకాలం. పురుగు లాక్‌డౌన్ అని ఆగదు, దాని రోజు రాగానే గూడు కడుతుంది. గూళ్లు మార్కెట్‌కు చేర్చే దారి లేదు, చేర్చినా ధర లేదు. శనక్కాయలాగా దాచిపెట్టుకునే సరుకు కాదు, రోజుల్లో చిమ్మట పగలగొట్టుకొని బయటికి వచ్చేస్తుంది.

పుట్టపర్తి మన పక్క ఊరే. అక్కడ ఒక తరంలో రెండుసార్లు మామూలు రోజులు పోయాయి. 2011 ఏప్రిల్‌లో సత్యసాయి బాబా నిర్యాణంతో ఒకసారి. తొమ్మిదేళ్లకు, విమానాలు ఆగి విదేశీ భక్తులు రాకపోవడంతో రెండోసారి. ఈ రెండో దెబ్బ మన బుక్కపట్నం మీద కూడా పడింది. అద్దె గదుల్లో పని చేసే ఆడవాళ్లు, ఆటోవాళ్లు, పూలూ పాలూ పంపే రైతులు మన ఊర్లవాళ్లే కదా. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కొత్త జిల్లాకు కేంద్రం అయింది. కార్యాలయాలు వచ్చాయి, అద్దెలు పెరిగాయి, హోటళ్లు నిండాయి. దీన్ని పుట్టపర్తి తేరుకోవడం అనొచ్చు. అయితే నాలుగు భాషలు నేర్చి విదేశీయులకు దారి చూపిన మనిషికీ, జెరాక్స్ దుకాణం పెట్టుకున్న మనిషికీ ఈ తేరుకోవడం ఒకటి కాదు. ఊరు నిలబడింది, దానిలోని మనుషులు మారిపోయారు. మనం లెక్క కట్టేటప్పుడు ఊరి పేరు రాస్తాం, మనుషుల పేర్లు రాయం.

4

చనిపోయినవాళ్ల గురించి ఇది ఒక చిన్న భాగం. దాటేసి పోదామా అని కూడా అనుకున్నాను, కాని దాటలేను.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు విశ్వం గారికి మూడేళ్లు. ఆ ఏడాది వాన కూడా సరిగా పడలేదు. దేశంలో కోటికి పైగా జనం, కొద్ది నెలల్లో, పోయారు. 1911 కన్నా 1921లో దేశ జనాభా తక్కువ నమోదైంది. మన జనాభా లెక్కల చరిత్రలో అట్లా జరిగిన దశాబ్దం అదొక్కటే. ఇంత జరిగితే దానికి ఒక రాయి, ఒక దినం, ఒక పెద్ద కావ్యం ఉన్నాయా? మన ఇళ్లలో ముత్తాత తమ్ముడు ఎట్లా పోయాడంటే 'ఏదో జ్వరం' అంటారు, అంతటితో సరి. తొందరగా మామూలైపోవాలన్న ఆత్రంలో ఆ తరం తన చనిపోయినవాళ్లను మర్చిపోయింది. మర్చిపోయింది కాబట్టి ఆసుపత్రి అడగలేదు, తాగునీరు అడగలేదు.

మన రాష్ట్రంలో కరోనా మృతుల అధికారిక సంఖ్య 14,700 పైచిలుకు. ఆ సంఖ్యలోకి రానివాళ్లు ఉన్నారని ఈ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. మొహం చూపకుండా, నలుగురు మోయకుండా, పిడికెడు బియ్యం వేయకుండా పంపించాం. సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత ప్రతి కుటుంబానికి యాభై వేల రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైంది. మరణ ధ్రువపత్రంలో ఏం రాశారన్నది, పరీక్ష చేయించారా లేదా అన్నది అప్పుడు అడ్డం పడింది. తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లల పేరు మీద పది లక్షల రూపాయల డిపాజిట్ వేయాలన్న మన రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం మంచిది. అయితే తండ్రి పోయి తల్లి మిగిలిన ఇళ్లు ఇంకా ఎక్కువ. ఆ తల్లులు ఏం చేస్తున్నారో ఊరూరా ఒక పుస్తకంలో రాసిపెట్టమని పంచాయతీ సభ్యులను వేడుకుంటున్నాను. ఫలానా వీధి, ఫలానా ఇల్లు, ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, అప్పు ఎంత, పిల్లలు ఏం చదువుతున్నారు. ప్రభుత్వం అడగకపోయినా రాయండి. పేరు తెలియని మనిషికి సాయం చేయడం ఎట్లా?

5

కట్టాలి అన్నాను కదా, దేన్ని ఎట్లా కట్టాలని అడుగుతారు.

బుక్కరాయల పేరు మోసే ఊర్లో కూర్చున్నాం. ఆ బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాశారు. కీర్తి కోసం వేసిన శాసనంలో కూలీల లెక్క, బండ్ల లెక్క చెప్పడం నాకు ఎంతో నచ్చుతుంది. ఆరు దోషాల్లో ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం. ఎవరూ తమదనుకోరు కాబట్టి.

మన చెరువు కట్టదీ అదే సంగతి. వాన దేవుడిది, కట్ట మనది. గండి పడిన చెరువులో ఎంత వాన కురిసినా నీరు నిలవదు. పూర్వం ఏటా రైతులే దిగి పూడిక తీసి, కట్ట ఎత్తి, తూములు చూసుకునేవారు. నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. 2021 నవంబరులో చిత్రావతి ఉప్పొంగి, వెల్దుర్తి దగ్గర వరదలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో తీసిన సంగతి మీకు గుర్తుంది. ఏళ్ల తరబడి నీళ్ల కోసం ఏడ్చిన నదిలో నీళ్లు ఎక్కువై ప్రాణం మీదికి వచ్చింది. కరోనా తర్వాత డబ్బు మళ్లీ ఊర్లలోకి వస్తుంది, పనులు వస్తాయి. గండి పూడ్చని ఇంట్లో అది నిలవదు. ఎక్కడెక్కడ గండి పడిందో ముందు చూడాలి.

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద గండి బడిలో పడింది. అప్పు పదేళ్లకైనా తీరుతుంది. ఆరేళ్ల వయసులో చదవడం నేర్వని పిల్లకు ఆ ఆరేళ్ల వయసు మళ్లీ రాదు.

డైట్ పిల్లలూ, ఇప్పుడు మీతో మాట్లాడతాను. 2020 మార్చిలో బడులు మూశారు. పదో తరగతి పరీక్షలు రెండేళ్లు రద్దయ్యాయి, అది అందరికీ తెలిసింది, చర్చ జరిగింది. ఒకటో తరగతి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తొమ్మిది, పది తరగతులు 2020 నవంబరులో తెరిచారు. ఒకటి నుంచి ఐదు దాకా 2021 ఫిబ్రవరి 1న తెరిచారు. ఏప్రిల్‌లో రెండో తాకిడికి మళ్లీ మూశారు, ఆగస్టు 16న తెరిచారు. అంటే 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లకు ఆ ఏడాది బడి రెండున్నర నెలలు. ఫోనులో పాఠం అన్నారు. ఇంట్లో ఒకే ఫోను, అది కూలికి పోయిన తండ్రి జేబులో. ఆ పిల్ల అ ఆలు ఎవరి దగ్గర దిద్దింది?

ఆ పిల్లలే 2022లో మూడో తరగతికి వచ్చారు. ఆ ఏడాది, పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేవాళ్లు ఇళ్లకు వెళ్లి రెండో తరగతి వాచకంలోని కథ చదివించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి పిల్లల్లో నూటికి 10.3 మంది మాత్రమే చదవగలిగారు. 2018లో ఆ లెక్క 22.6. సగానికి పైగా పోయింది. పక్కన తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడింది. కేరళలో 52.1 నుంచి 38.7కు పడింది. అంటే దెబ్బ తిన్న తర్వాతి కేరళ కూడా దెబ్బ తినక ముందటి మనకన్నా చాలా ఎత్తున ఉంది.

ఇక్కడ నా వాదం మొత్తం మీకు కనిపిస్తుంది. 10.3 నుంచి 22.6కు చేరితే బడి మామూలైనట్టేనా? కరోనాకు ముందు మంచి రోజుల్లో కూడా నూటికి డెబ్బై ఏడు మంది మూడో తరగతి పిల్లలు ఒక చిన్న కథ చదవలేకపోయారు. దాన్ని మనం మామూలు అన్నాం. ఎవరి పిల్లలు వాళ్లు? బెంగుళూరు బస్సెక్కినవాళ్ల పిల్లలు, ధర్మవరంలో మగ్గం వదిలినవాళ్ల పిల్లలు, కూలికి పోతూ చంటిదాన్ని అక్క చేతిలో పెట్టి పోయినవాళ్ల పిల్లలు. ఆ పిల్లలు చదవలేకపోవడాన్ని అంటువ్యాధి తేలేదు, బయటపెట్టిందంతే. 2023–24లో వాళ్లు నాలుగో తరగతికి వచ్చారు. వాళ్ల చేతికి నాలుగో తరగతి పుస్తకం వచ్చింది. టీచరు సిలబస్ పూర్తి చేయాలి, తనిఖీ వస్తుంది. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల బెంచీ చివర్న, ఎవరికీ కనిపించకుండా కూర్చుంటుంది. అక్కడి నుంచి ఆరేళ్లకు పదో తరగతి తప్పితే, దానికి చదువు అబ్బలేదని ఇంట్లోవాళ్లు అంటారు. బంధువుల్లో సంబంధం చూస్తారు.

ఏం చేయాలో తెలియక ఆగిపోయిన పరిస్థితి కాదు ఇది. ఒక్కొక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని ముందు అక్షరం, తర్వాత మాట, తర్వాత వాక్యాలు, తర్వాత చిన్న కథ చదివిస్తే, ఎక్కడ ఆగుతుందో కొద్ది నిమిషాల్లో తేలుతుంది. రోజుకు ఒక గంట తరగతులు పక్కన పెట్టి, అక్షరం దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపు, మాట దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపుగా కూర్చోబెట్టి, ఉన్న చోటి నుంచి నేర్పాలి. ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని దేశంలో చాలా రాష్ట్రాల్లో నడిపించింది, పరిశోధకులు పరీక్షించి చూశారు, నెలల్లో పిల్లలు చదవడం మొదలుపెట్టారు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ట్యాబులు అక్కర్లేదు. రోజుకు ఒక గంట, ఒక ఓపికగల మనిషి కావాలి. ఊర్లో ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ఉన్నారు, వాళ్లకు పంచాయతీ నెలకింత గౌరవ వేతనం ఇచ్చి సాయంత్రం పూట కూర్చోబెట్టొచ్చు. పెద్దలు దాని గురించి ఈ వేదిక మీదే ఆలోచించాలని కోరుతున్నాను, వచ్చే నెల దాకా వాయిదా వేయకుండా.

డైట్ పిల్లలూ, మీకు నాది ఒక అభ్యర్థన. మీరు శిక్షణ కోసం వెళ్లే బడుల్లో పాఠ్య ప్రణాళిక రాసి చూపించాలి, మార్కులు వేస్తారు, అది మీకు తప్పదు. దానితో పాటు మీకు కేటాయించిన బడిలో నాలుగో తరగతి పిల్లలందరినీ ఒక్కొక్కరిగా చదివించి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో ఒక కాగితం మీద రాయండి. పిల్ల పేరు రాయండి, తల్లిదండ్రులు ఊర్లో ఉన్నారా వలస పోయారా రాయండి. హెడ్మాస్టరు గారికి ఒక ప్రతి, బడి యాజమాన్య కమిటీ (ఎస్సెమ్సీ) చైర్మన్‌కు ఒక ప్రతి ఇవ్వండి. రెండు నెలల తర్వాత మళ్లీ చదివించండి.

 ఇప్పటికే నాలుగో తరగతికి పాఠం చెప్పి వచ్చినవాళ్లు మీలో ఉంటే సభ అయ్యాక కాసేపు ఉండండి. మీ తరగతిలో ఎంతమంది చదువుతున్నారో, చదవలేనివాళ్లు ఎక్కడ ఆగుతున్నారో మీ నోటితో వినాలని ఉంది.